జగదల్‌పూర్‌లో జోడు గొట్టాలు

బ్రష్షు బ్రాంజ్‌దే అయి ఉండాలి, స్టీలు తీగెల బ్రష్షు తెచ్చావంటే స్టేషన్ నుంచే వెనక్కి పంపేస్తానని మావయ్య ఫోన్లో ముందే చెప్పేశాడు. బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాల్లో వాళ్ళదొకటి. కిరండూల్ రైలు మార్గం వేస్తున్న రోజుల్లో తాతయ్య మట్టిపని కాంట్రాక్టు మీద విజయనగరం నుంచి వెళ్ళి, పని పూర్తయినా తిరిగి రాలేదు. ఆయన కొనుక్కున్న పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకీ ఇప్పుడు మావయ్య లైసెన్సు మీద ఉంది.

ఆ తుపాకీకి వచ్చిన జబ్బు ఎన్నికల జబ్బు. 2023 నవంబరు 7న బస్తర్‌లో అసెంబ్లీ పోలింగ్, 2024 ఏప్రిల్ 19న లోక్‌సభ పోలింగ్. కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు జమ చేయమని ఉత్తర్వు వస్తుంది. మొదటి ఎన్నిక అయ్యాక తెచ్చుకోవచ్చు. కానీ మార్చిలో మళ్ళీ మోసుకెళ్ళాలి కదా అని మావయ్య దాన్ని జమ చేసిన చోటే ఉంచేశాడు. విడిపించుకునేసరికి జూన్ నెలాఖరు. అప్పటికే వానలు పట్టుకున్నాయి. ఇంటికి తెచ్చి గొట్టాలు విడదీసి వెలుతురుకి పెట్టి చూస్తే, ఒకప్పుడు అద్దంలా ఉండే లోపలంతా మచ్చలట. "తుప్పో, సీసమో, ఉత్త మురికో నాకు తెలీడం లేదురా. కళ్ళు మునుపట్లా లేవు. నువ్వొచ్చి చూడు" అన్నాడు.

గొట్టం తోమడానికి ఇంత దూరం వెళ్ళాలా అని ఇంట్లో అడిగారు. వానాకాలంలో ఆ రైలెక్కే అవకాశాన్ని నేను వదులుకునే రకం కాదు.

సంచీలో వేసుకున్నవి ఇవీ. మూడు ముక్కలుగా విడదీసి బిగించుకునే ఇత్తడి కడ్డీ, పన్నెండు బోరుకి సరిపడే ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్షు, ఉన్నితో చేసిన మాప్, చిందీ, అంటే గుడ్డ ముక్క, గుచ్చుకునే ఇత్తడి మొన. వీటికి తోడు డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఎప్పుడో ఇచ్చిన తాడు ఒకటి. దాన్ని అక్కడ బోర్ స్నేక్ అంటారు. ఒక చివర ఇత్తడి బరువు, మధ్యలో కాస్త బ్రష్షు, తర్వాత లావుపాటి నేత తాడు. తూటా పెట్టే వైపు నుంచి బరువుని జారవిడిచి మూతి వైపు నుంచి లాగేస్తే పని అయిపోయిందంటారు. కిరసనాయిలు, సాల్వెంటు లాంటివి మాత్రం కొనలేదు. మండే సరుకు రైల్లో తీసుకెళ్ళకూడదు కదా.

విశాఖలో తెల్లవారగానే బయల్దేరే కిరండూల్ బండి అరకు దాకా జాతరలా ఉంటుంది. బొర్రా గుహల దగ్గర సగం మంది, అరకులో మిగతా సగం దిగిపోయాక పెట్టె అంతా మనదే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. వానాకాలంలో కొండచరియ విరిగిపడితే బండి ఎక్కడాగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ రోజు అదృష్టం బాగుండి కోరాపుట్ దాటేదాకా వాన మాత్రమే తోడుంది. జయపూర్ తర్వాత కొండలు వెనక్కి తగ్గి, వరి నాట్ల పొలాలు మొదలయ్యాయి. ఎదురుగా గూడ్సు బండ్లు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉన్నాయి. వాటి నిండా ఎర్రటి ఖనిజం.

ఈ మార్గం పుట్టిందే ఆ ఎర్రమట్టి కోసం. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి 1960లలో జపాన్ సాయంతోనే వేశారు. ఆ ఖనిజం పేరు హెమటైట్, అంటే ఇనుమూ ఆక్సిజనూ కలిసిన రాయి. తుప్పు కూడా దాదాపు అదే, కాకపోతే కాస్త నీరు చేరి ఉంటుంది. కొలిమిలో ఎంతో బొగ్గు తగలేసి రాయిలోంచి ఇనుము తీస్తాం. గాలీ తేమా ఖర్చేమీ లేకుండా దాన్ని మళ్ళీ రాయి చేసేస్తాయి. బైలాడిలాకి అంత దగ్గర్లో, వానాకాలంలో, నూనె లేని తుపాకీ గొట్టం చేస్తున్న పని కూడా ఇదే.

సాయంత్రం జగదల్‌పూర్‌లో దిగేసరికి వాన వెలిసింది. అత్త బోడా కూర చేసి ఉంచింది. తొలి వానలకి సాల చెట్ల కింద నేలలోంచి తవ్వి తీసే గుండ్రటి పుట్టగొడుగులవి. ఆ రోజుల్లో మాంసం కన్నా ఎక్కువ ధర పలుకుతాయి. తినడం అవగానే మావయ్య తుపాకీ పెట్టె బయటికి తీశాడు.

తుపాకీ చేతికి తీసుకోగానే ఎవరైనా చేయాల్సిన మొదటి పని అది ఖాళీగా ఉందో లేదో చూడడం. జమ చేసి తెచ్చినదైనా, మొన్ననే చూసినదైనా సరే. మావయ్య మీట నెట్టి తుపాకీని మడిచి, తూటాలు పెట్టే రెండు గదుల్లోకీ చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి నాకిచ్చాడు. నేనూ అలాగే చూశాను. ముందు చెక్క విడదీసి, గొట్టాల జతని వేరుచేసి కిటికీ వైపు తిప్పాను.

గొట్టంలోంచి చూడడం కూడా ఒక విద్యే. సూటిగా ఆకాశంలోకి చూస్తే అంతా తెల్లగా మెరిసి మోసం చేస్తుంది. కిటికీ చట్రం అంచుని గొట్టం చివర సగానికి వచ్చేలా పెట్టుకుని, మెల్లగా తిప్పుతూ చూడాలి. అప్పుడు లోపలి గోడ మీద వెలుగూ నీడా వలయాలుగా ఏర్పడతాయి. వలయం ఎక్కడైనా వంకర తిరిగితే అక్కడ సొట్ట ఉన్నట్టు. నల్లచుక్క తిప్పినా చెరగకపోతే గుంట. తళతళలాడుతూ పొడుగ్గా గీతలుంటే అది సీసం. కుడి గొట్టంలో గది దాటిన వెంటనే సన్నబడే చోట బూడిదరంగు పొడుగు చారలు కనిపించాయి. ఎడమ గొట్టంలో మూతికి జానెడు ఇవతల గోధుమరంగు మచ్చలు గుంపుగా ఉన్నాయి. రెండింటిలోనూ మసక పొర. అంటే మూడు రకాల మురికి. దేని మందు దానికి వేరు.

ఇక్కడే మావయ్యకీ నాకూ వాదన మొదలైంది. ఆయన లెక్కలో తుపాకీకి కావలసింది రంగూన్ నూనె, గుడ్డ, ఓపిక. తాతయ్య నోట ఏ తుపాకీ నూనె అయినా రంగూన్ నూనే. ఒకప్పుడు బర్మా రాతినూనెతో చేసిన ఆ సరుకు దేశమంతా వాడేవారు. మన ఉత్తరాంధ్ర నుంచి రంగూన్‌కి వెళ్ళినవాళ్ళు లెక్కలేనంత మంది కాబట్టి ఆ పేరు మా ఇళ్ళలో ఇంకా గట్టిగా నిలిచిపోయింది. నేనేమో కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాణ్ణి. పాయింట్ టూటూ రైఫిల్ ముందు కూర్చోబెట్టి, ఉస్తాద్ మా చేత పుల్‌త్రూ తాడుకి చిందీ కట్టించి లాగించేవాడు. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ఫ్లానెల్ ముక్క. అందుకే డల్లాస్ తాడు చూస్తే నాకు మురిపెం.

మావయ్య దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "పామేనా ఇది? కరిచే పళ్ళేవి?" అన్నాడు.

ఆయన ఎగతాళిలో సగం న్యాయముంది. వేటకో పోటీకో వెళ్ళి కాల్చిన సాయంత్రమే ఒకసారి లాగెయ్యడానికి తాడు బాగుంటుంది. దానిలోని బ్రష్షు చిన్నది, ఒత్తి తోమలేదు, అంటుకున్న సీసాన్ని కదపలేదు. లాగిన మురికంతా తాడులోనే ఉండిపోయి, ఉతకకపోతే మర్నాడు అదే మురికిని మళ్ళీ గొట్టానికి పూస్తుంది. తాడు తెగి లోపల ఇరుక్కుంటే ఆ బాధ వేరే. కడ్డీ అయితే నెట్టొచ్చు, లాగొచ్చు, ఒకే చోట పది సార్లు తోమొచ్చు.

కడ్డీల గురించి రైఫిల్ వాళ్ళు చేసే గొడవ ఇక్కడికి తీసుకురానక్కర్లేదని నా అభిప్రాయం. రైఫిల్ గొట్టం లోపల మెలికల గాడులుంటాయి, దారి ఇరుకు. కడ్డీ వంగి మూతి అంచుని గీస్తే గురి చెడిపోతుంది. షాట్‌గన్ గొట్టం నున్నటిది, వెడల్పాటిది. పౌండు సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంతుంటుందో పన్నెండు బోరు అంత, అంటే దాదాపు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. వేలు దూరేంత దారిలో కడ్డీ గోడకి రాసుకునేది తక్కువ. అయినా ఇనుప కడ్డీ వద్దు. ముక్కలు బిగించే చోట ఉండే అంచు ఎప్పుడో ఒకప్పుడు గీస్తుంది. ఇత్తడి మంచిది. ఒకే కర్రతో చేసిన చెక్క కడ్డీ ఇంకా మంచిది.

మర్నాడు ఆదివారం. జగదల్‌పూర్ ఆదివారపు సంత చూడకుండా రావడం పాపం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఆకు దొప్పల్లో చాప్‌డా, అంటే ఎర్రచీమల పచ్చడి, ఎండబెట్టిన ఇప్పపూలు, వెదురు కొమ్ములు తెచ్చి కూర్చుంటారు. హల్బీ, భత్రీ, హిందీ, ఒరియా కలిసిన బేరాలు. మధ్యలో ఒక ఉల్లిపాయల కొట్టు దగ్గర స్వచ్ఛమైన తెలుగు తిట్లు వినిపించి ప్రాణం లేచొచ్చింది. మావయ్య అక్కడ కొన్నది నాకు ఆశ్చర్యంగా తోచింది. తూకం వేయించి పాత నూలు పంచెల ముక్కలు, గణుపులు దగ్గర దగ్గరగా ఉన్న గట్టి వెదురు కర్ర ఒకటి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, నూనె పీల్చదు. ఉతికి ఉతికి నలిగిన నూలు గుడ్డే చిందీకి పనికొస్తుంది. టెరికాటన్ అసలు వద్దు.

వెదురు కర్ర చివర చీల్చి గుడ్డ ఇరికించి వాడే పద్ధతి ఆయన ఊళ్ళలో చూసి నేర్చుకున్నది. తాతయ్యతో కలిసి కొండల్లో తిరిగిన రోజుల్లో పంట కాపలాకి లైసెన్సు ఉన్న మజిల్‌లోడర్లు కొన్ని ఊళ్ళలో ఉండేవట. ఇక్కడ వాటిని భర్మార్ అంటారు. మూతిలోంచి మందు, గుడ్డ, గుండ్లు దట్టించి కాల్చేవి. 1959 ఆయుధాల చట్టం కూడా పంట రక్షణకు వాడే మజిల్‌లోడర్‌ని వేరే పేర్కొని, దానికి లైసెన్సు ఇచ్చే దారి చూపింది. ఇప్పుడు భర్మార్ అన్న మాట మావోయిస్టుల దగ్గర దొరికిన ఆయుధాల జాబితాలో తప్ప పేపర్లో కనిపించదు.

"ఆళ్ళు నూనెతో కడిగేవాళ్ళు కాదురా, వేణ్ణీళ్ళు పోసేవాళ్ళు" అన్నాడు మావయ్య. ఆయనకది ఎప్పుడూ వింతగానే ఉండేదట, ఇనుముకి నీళ్ళు పోయడమేమిటని.

నిజానికి అది అచ్చమైన రసాయన శాస్త్రం. నల్లటి తుపాకీ మందులో సురేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. కాల్చాక దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారకుండా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. అందులో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు. ఉప్పు జాడీ వానాకాలంలో చెమ్మగిల్లినట్టు అవీ గాలిలోని తేమని లాక్కుంటాయి. రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. ఈ లవణాలు కిరసనాయిల్లో కరగవు, నూనెలో కరగవు. పైన నూనె పూస్తే కింద దాక్కుని తినేస్తూనే ఉంటాయి. నీళ్ళలో అయితే ఇట్టే కరిగిపోతాయి. ఆ నీళ్ళు మరిగించినవైతే గొట్టం వేడెక్కి తడి తనంతట తానే ఆరిపోతుంది. ఆరాక నూనె పూస్తే చాలు. పొటాషియం క్లోరేట్ కలిసిన పాతకాలపు క్యాపుల తూటాలకీ ఇదే మందు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సిపాయిలు రైఫిల్ గొట్టంలో వేణ్ణీళ్ళు పోసింది ఇందుకే.

ఊళ్ళవాళ్ళు చివర పూసే నూనె మాత్రం నాకు నచ్చలేదు. ఇప్ప గింజల నూనె, ఇక్కడ టోరా తేల్ అంటారు. దీపానికీ కూరకీ ఒంటికీ అదే. జగదల్‌పూర్ చలికి అది గడ్డకడుతుంది, నిలవుంటే జిగురు తేలుతుంది. మన వైపు కొబ్బరినూనె పూసే అలవాటూ ఇంతే. తిండి నూనెలు తుపాకీకి పనికిరావు. కుట్టుమిషను నూనె దొరికినా వాటికన్నా నయం.

మావయ్య తుపాకీకి నీళ్ళ అవసరం లేదు. బర్మింగ్‌హామ్‌లో తయారైన పాతది. గొట్టాల అడుగున బల్లపరుపు భాగంలో కిరీటం, దాని కింద ఎన్‌పీ అన్న ముద్ర ఇంకా కనిపిస్తున్నాయి. పొగ రాని నైట్రో మందు తట్టుకుంటుందని అక్కడి ప్రూఫ్ హౌస్ పరీక్షించి వేసిన గుర్తు అది. దీనిలో కాల్చినవన్నీ ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాలే. వాటి మందు ఉప్పు మిగల్చదు. అయినా గుంటల సంగతి, గోడ మందం సంగతి తెలిసిన చెయ్యి చూడాలి కదా అని ఊళ్ళోని లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణానికి వెళ్ళాం. లైసెన్సు కాగితాలు మావయ్య జేబులో, తుపాకీ మావయ్య చేతిలో. మరమ్మతుకి ఇంకెవరైనా మోసుకెళ్ళాలంటే యజమాని పక్కనుండాలి, లేదా రాసి ఇవ్వాలి.

దారిలో రాజమహల్ ముందు నుంచి వెళ్ళాం. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు వచ్చి నెలకొల్పాడని చెప్పుకునే వంశం ఇది. తెలుగువాడు ఆ గుమ్మం ముందు కాసేపు ఆగకుండా ఉండలేడు. 1966 మార్చి 25న ఇదే ప్రాంగణంలో పోలీసు కాల్పుల్లో ఆ వంశపు రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్, ఆయనతో పాటు ఉన్న ఆదివాసులు చనిపోయారు. లోపలివాళ్ళ చేతుల్లో ఎక్కువగా ఉన్నవి విల్లంబులు. మావయ్య అప్పుడు పిల్లాడు. ఆ రోజు సంగతి ఆయన ఎప్పుడూ మాట్లాడడు, ఆ వేళ కూడా మాట్లాడలేదు.

దుకాణంలో మిస్త్రీ డెబ్బై దాటినవాడు. చేతులు నెమ్మది, నోరు వేగం. గొట్టాలు చూడగానే, "బాబూజీ, ముందు చెప్పండి, ఎమిరీ కాగితం పెట్టలేదు కదా?" అని అడిగాడు. లేదనగానే ఊపిరి పీల్చుకున్నాడు. కర్రకి ఎమిరీ కాగితం చుట్టి గొట్టం తళతళలాడించుకుని వచ్చేవాళ్ళు ఏటా ఉంటారట, ముఖ్యంగా దసరా ఆయుధ పూజ ముందు. మెరుపు వస్తుంది, గోడ పోతుంది. కంపెనీ కాలంలో సిపాయిలు గొట్టాల్ని ఇటుక పొడితో రుద్ది మెరిపించేవారు. అప్పటి గోడలు మందం కాబట్టి కొంత కాలం ఓర్చుకున్నాయి. వేట తుపాకీ గొట్టం మధ్యలో మిల్లీమీటరు కన్నా పలచగా ఉండొచ్చు. అర మిల్లీమీటరుకి దిగజారితే దాన్ని కాల్చడం మానుకోవాలని ఇంగ్లండు పనివాళ్ళ మాట. మిస్త్రీ పొడవాటి గేజి పెట్టి గుంటలున్న చోట కొలిచాడు. ప్రమాదం లేదు.

గుంటలు తీయించాలా అన్నదే ప్రశ్న. డ్రిల్లు మిషనుకి రాపిడి గుండీల బ్రష్షు తగిలించి గంటలో తీసేస్తానన్నాడు. మావయ్య నా వైపు చూశాడు. గుంట అంటే లోహం పోయిన చోటు. దాన్ని తీయడమంటే చుట్టూ ఉన్న మంచి లోహాన్ని గుంట అడుగు దాకా అరగదీయడమే. గుంటలో మురికి దాక్కుంటుంది, కాబట్టి కాస్త ఎక్కువ తోమాలి, అంతే కదా? ఏడాదికి నాలుగు తూటాలు కూడా కాల్చని తుపాకీకి అంత ఆపరేషన్ ఎందుకన్నాను. మిస్త్రీ బేరం పోయినా నవ్వాడు. "లడకా సహీ బోల్తా హై" అని, తన బల్ల మీదే తోమించుకోమన్నాడు. యాభై దాటాక లడకా, అంటే కుర్రాడు, అనిపించుకోవడం నాకు బాగానే ఉంది.

ముందు మెత్తటిది. ఇత్తడి మొనకి పంచె గుడ్డ చుట్టి, కిరసనాయిలు తడిపి, గది వైపు నుంచి మూతి వైపుకి నెట్టాను. ఎప్పుడూ ఈ దిక్కే. తిరగేసి తోస్తే మురికంతా గది వైపు చేరుతుంది. గొట్టం విడిపోని తుపాకీ అయితే యంత్రంలోకే పోతుంది. మొదటి చిందీ తారులా నల్లగా వచ్చింది. రెండోది బూడిదరంగు. మూడోది ఎడమ గొట్టం నుంచి గోధుమరంగు చారతో వచ్చింది. అదీ తుప్పు, ఇంకా పని చేస్తున్న తుప్పు.

తర్వాత దుకాణంలో దొరికిన సాల్వెంటు. పూసి వెంటనే తోమకూడదు. మిస్త్రీ గొట్టాల్ని బల్ల మీద పడుకోబెట్టి టీ తెప్పించాడు. చల్లగా నానాలి, అప్పుడే పట్టు వదులుతుంది. టీ తాగుతూ ఆయన బీరువా కింది అరలోంచి ఒక చిన్న సీసా తీసి చూపించాడు. దాన్నిండా ఏళ్ళ తరబడి గిరాకీల గొట్టాల్లోంచి వచ్చిన సీసపు పొరలు, నల్లటి ప్లాస్టిక్ రిబ్బన్లు. కొత్త తూటాల్లో గుండ్లని మోసుకెళ్ళే ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. దాని అంచు వేడికి కరిగి గోడకి పలచగా అంటుకుంటుంది. కిరసనాయిలుకి అది లొంగదు. సాల్వెంటులో నానితే పాము కుబుసంలా ఊడి వస్తుంది.

బ్రాంజ్ బ్రష్షు తిప్పేటప్పుడు ఒక్క నియమం తప్పకూడదు. లోపలికి నెట్టాక మూతిలోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా వెనక్కి లాగకూడదు. తీగెలన్నీ వెనక్కి వాలి ఉంటాయి. మధ్యలో దిక్కు మారిస్తే అవి తిరగబడి, బ్రష్షు చచ్చినా కదలదు. మూతి వైపు చోక్ దగ్గర గొట్టం సన్నబడుతుంది కదా, ఎడమ గొట్టంలో అది మరీ బిగువు. అక్కడ చెయ్యి తనంతట తానే వెనక్కి రావాలని చూస్తుంది. మిస్త్రీ నా మోచేతిని పట్టుకుని ముందుకే తోయించాడు. బ్రష్షు పుటుక్కున బయటపడింది, దానితో పాటు గోరంత బూడిదరంగు రేకు. వేలితో నలిపితే మెత్తగా సాగింది. సీసం.

తర్వాతి చిందీ మీద ఆకుపచ్చ నీలం మరక చూసి మావయ్య కంగారు పడ్డాడు. అది గొట్టానిది కాదు, బ్రష్షుది. సాల్వెంటులోని అమ్మోనియా బ్రాంజ్‌లోని రాగిని కరిగిస్తుంది. పని అయ్యాక బ్రష్షుని కడిగి ఆరబెట్టకపోతే నెల తిరక్కుండా తీగెలు రాలిపోతాయి. రాగి తొడుగు బుల్లెట్లు కాల్చే రైఫిల్ వాళ్ళకి ఆ ఆకుపచ్చని పట్టించుకునే పని ఉంది. సీసపు గుండ్ల తుపాకీలో రాగి ఎక్కడి నుంచి వస్తుంది?

కుడి గొట్టంలో గది ముందున్న చారలు మాత్రం బ్రష్షుకి పూర్తిగా లొంగలేదు. మిస్త్రీ అరిగిపోయిన పాత బ్రష్షు ఒకటి తీసి, దాని చుట్టూ జుట్టు కన్నా సన్నని స్టీల్ ఊల్, నాలుగు సున్నాల రకం, పలచగా చుట్టి నూనెలో ముంచాడు. మావయ్య ముఖం వాడిపోయింది. ఇంతకు ముందు స్టీలు వద్దన్నది ఆయనే కదా. లావు తీగె గీస్తుంది, ఈ సన్నది నూనెలో ఉంటే సీసాన్ని ఊడ్చి ఉక్కుని వదిలేస్తుంది. అయినా ఇది అందరి చేతికీ ఇవ్వాల్సిన వస్తువు కాదు. సీసం ఉన్న జానెడు మేరే తిప్పి, వెంటనే తీసేశాడు. మళ్ళీ వలయాలు చూశాం. కుడి గొట్టం వెలిగింది. ఎడమ దానిలో గుంటలు నల్లచుక్కల్లా మిగిలాయి, చిందీ మీద గోధుమరంగు మాత్రం రావడం ఆగిపోయింది. అది చాలు.

చివర ఉన్ని మాప్. దీన్ని నూనె పూయడానికి తప్ప దేనికీ వాడకూడదు. ఒక్కసారి మురికి తాకిస్తే అది ఇక మురికి మాపే. నూనె కూడా తడి కనిపించీ కనిపించనంత పలచగా వెయ్యాలి. మళ్ళీ కాల్చేముందు పొడి చిందీతో తుడవాలి, అంతకన్నా ముఖ్యంగా చిందీ ముక్క ఏదీ లోపల ఉండిపోలేదని చూడాలి. గొట్టాలు పేలిపోయిన కథల్లో చాలావాటికి కారణం మందు ఎక్కువై కాదు, దారిలో ఏదో అడ్డం ఉండడం. పన్నెండు బోరు గదిలోంచి జారి ముందుకెళ్ళి ఇరుక్కున్న ఇరవై బోరు తూటా సంగతి మిస్త్రీ చెప్తుంటే, ఆయన ఎడమచేతి బొటనవేలు సగమే ఉందని అప్పుడు గమనించాను. అది దానివల్లేనా అని అడగబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చాక మావయ్య సంతలో కొన్న వెదురు కర్రని నా ఇత్తడి కడ్డీ పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. చివరికి రెండూ పెట్టెలోకి వెళ్ళాయి. డల్లాస్ తాడుని మాత్రం, "నీ ఎన్‌సీసీ పిచ్చి నీ దగ్గరే ఉంచుకో" అని తిరిగి నా సంచీలో పడేశాడు. అసలు గొడవ తోలు పెట్టె గురించి వచ్చింది. తాతయ్య కాలం నాటిది, లోపల మెత్తటి ఎర్ర గుడ్డ, చూడ్డానికి రాజసం. తోలు తేమని పీల్చుకుని ఉంచుకుంటుంది, గుడ్డ దాన్ని ఉక్కుకి ఆనించి పెడుతుంది. ప్రయాణానికి సరే, నిలవకి కాదన్నాను. అత్త నా పక్షం వహించింది. పట్టుచీరలు ప్లాస్టిక్ సంచీల్లో పెట్టొద్దని ఆవిడ ఎన్నేళ్ళుగా చెప్తున్నా ఈయన వినడట. గోడ బీరువాలో తాళం వేసే అర ఖాళీ చేశాం. గొట్టాల మూతి కిందికి ఉండేలా నిలబెట్టాలని మిస్త్రీ చెప్పాడు. మూతి పైకి ఉంటే నూనె మెల్లగా కిందికి దిగి మడత దాటి చెక్కలోకి ఇంకుతుంది, ఏళ్ళు గడిచాక చెక్క మెత్తబడి చీలుతుంది.

మర్నాడు చిత్రకోట్ జలపాతం చూడడానికి వెళ్ళాం. వానాకాలంలో ఇంద్రావతి అక్కడ ఎర్రగా, గట్టు నుంచి గట్టు దాకా ఒకే గోడలా పడుతుంది. చూసినంతసేపూ మావయ్య జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకుంటూనే ఉన్నాడు. ఏడాది చివర్లో నగర నిగమ్ ఎన్నికలుంటాయని అప్పట్లో అనుకునేవారు. తుపాకీ మళ్ళీ జమ చెయ్యాలి. ఈసారి ఇచ్చే ముందు రోజు గొట్టాల్లోపల పలచటి నూనె కాక చిక్కటి గ్రీజు పూయాలి. గొట్టాల్నీ చెక్కనీ విడివిడిగా, నూనె రాసిన నూలు గుడ్డలో చుట్టాలి. ట్రిగ్గరుకి దారంతో చీటీ కట్టి, గొట్టంలో గ్రీజు ఉంది, తుడవకుండా కాల్చరాదు అని హిందీలో రాయాలి. ఎన్నిక అయిన వారంలోగా తెచ్చుకోవాలి. ఆ చివరి వాక్యం కింద అత్త రెండు గీతలు గీసింది.